మా రజిత కలిపిన పసుపు

మా చిన్నబిడ్డ రజితకు ప్రెస్సులో నౌకరీ పక్కా అయింది! ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఆఫ్‌సెట్ ప్రెస్సుకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళి, కళ్ళారా చూశాను. పెళ్ళికార్డు అంచు అచ్చం పసుపు రాసినట్టే ఉండాలి, అదే రజితకు పరీక్ష. ఇంకు కలిపే కత్తికి పిసరంత నీలం అంటి ఉండి, మొదటి కార్డు ఆకుపచ్చగా వచ్చింది. బిడ్డ కత్తి, రోలర్లు శుభ్రంగా తుడిచి, పసుపు ఇంకులో ఎరుపు కొంచెం కొంచెంగా కలిపి మళ్ళీ అచ్చేసింది. ఆరాక యజమాని కార్డు మూలకు అసలు పసుపు రాశాడు. ఏది పసుపో, ఏది అచ్చో తెలియలేదు!

“రేపటి సంది రంగులన్నీ నువ్వే కలుపు బిడ్డా,” అన్నాడు.

“ఏంది నాయినా, నౌకరీ నాకొస్తే నువ్వేడుస్తవ్?” అని రజిత నవ్వింది.

మీరైతే ఏడవరా, చెప్పండి! సరూర్‌నగర్ అక్కకు, బాటసింగారం బామ్మర్దికి, ఎల్బీనగర్ పెద్దల్లుడికి ఎవరైనా ఫోన్ చేయండి, నేను చేస్తే మళ్ళీ ఏడుస్తాను.