జాకీ లేచింది, బండి లేవలేదు

మొన్న వాన వెలిసిన పొద్దున, స్కూలు బస్సుల షెడ్డులో ఒక పాత బస్సు కింద పడుకుని సుత్తితో తట్టి చూస్తుంటే తుప్పు పొడి రాలి ముక్కులోకి పోయింది. తడిసిన తుప్పుకి ఒక వాసన ఉంటుంది, పాత పైసాను నాలుక మీద పెట్టుకున్నట్టు. అది తగిలితే చాలు, నాకు రాహేలమ్మ గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. బూర్గంపాడు దగ్గర ఒక పల్లెలో ఉండేది. అడవి ఊళ్ళ సంతలు తిరిగి ఉప్పు, ఎండుచేపలు అమ్మేది. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. సంతలో ఈ చివర ఆమె ఎవరినైనా తిడితే ఆ చివర బేరాలు ఆగిపోయేవి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఆమె పాత పికప్ బండికి నేను డ్రైవర్ని.

ఆమె దగ్గర చేరేనాటికే నా పేరు పాడైంది. అంతకుముందు ఒక లారీ మీద పనిచేస్తూ, బ్రేకులు సరిగా లేవు, ఘాట్ రోడ్డు దిగనని మొండికేశాను. ఓనరు అక్కడికక్కడే దింపేశాడు. ఆనాటి నుంచి డ్రైవర్లందరికీ నేను 'పిరికి కోటి'ని. పని ఇచ్చేవాడు లేడు. ఆఖరికి రాహేలమ్మ వాకిట్లో నిలబడ్డాను. ఆమె చేపలు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"ఏందయ్యా, బండెక్కుమంటే వణుకుతవంట?"

"వణకనమ్మా. చూసుకొని ఎక్కుత."

"అవ్? మంచిగైంది. భయం లేని కోడి బజార్ల గుడ్డు పెట్టిందట. అసొంటి కోళ్ళు మా చుట్టాలల్లనే శానమంది ఉన్నరు. రేపు పొద్దుగాల రా."

భర్త పోయాక ఆమె ఇంటిని నడిపింది ఆ బండే. పాస్టరు గారు ఇంటికి ప్రార్థనకు వస్తే పిల్లల పేర్లతో పాటు బండి నంబరు కూడా చదివించేది. క్రిస్మస్ వస్తోందంటే ఇంటికి సున్నం, బండికి రంగు. పైన నీలం, కింద నల్లరంగు దట్టంగా పూయించేది. ఇక శుభ్రం మాటంటారా, సంత నుంచి రాగానే బండి వెనక భాగమంతా బకెట్లతో నీళ్ళు కుమ్మరించి కడగాల్సిందే. అడుగున రాలిన ఉప్పు కరిగి చెక్కల సందుల్లోంచి కారిపోయేది. పీడ పోయిందనుకునేవాళ్ళం. ఎక్కడికి పోతుంది? కింద బండి బరువంతా మోసే ఇనుప చట్రం, చాసీ మీదికే పోయింది. దాని మీద అడవి బురద, బురద మీద ఏటేటా నల్లరంగు. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే. మేం కడిగినకొద్దీ బండి లోలోపల చచ్చిపోతూ వచ్చింది, మాకు తెలియలేదు.

ఒక వేసవిలో మా పల్లెలోని బుచ్చయ్య బిడ్డకు పర్ణశాలలో పెళ్ళి కుదిరింది. పెళ్ళివాళ్ళందరినీ తన బండిలోనే దించుతానని రాహేలమ్మ నలుగురిలో మాటిచ్చింది. పెళ్ళి పొద్దున బండి కడుగుతూ, పసిపిల్లలు కూడా ఎక్కుతారు కదా, ఒకసారి కింద కూడా చూద్దామని దూరాను. స్క్రూడ్రైవర్‌తో బురద పెళ్ళ ఒకటి ఊడదీశాను. బురదతో రంగు వచ్చింది, రంగుతో ఇనుమే వచ్చింది, టీలో నానిన బిస్కెట్టులా. ఇంకొంచెం నొక్కితే స్క్రూడ్రైవర్ పిడిదాకా లోపలికి దిగిపోయింది. ఇంతమందితో గోదావరి వంతెన ఎక్కాక ఇది విరిగితే? చెబితే ఆమె మాట పోతుంది, బతుకుదెరువు పోతుంది. నన్ను ఊరంతా మళ్ళీ పిరికివాడంటుంది.

అప్పుడే రాహేలమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఈ బండి పోవద్దు. కింద చాసీ తుప్పు తినేసింది. నాకు భయమైతాంది."

ఎగతాళి చేయలేదు, ఎదురు ప్రశ్న వేయలేదు. చెంగు నడుముకు దోపి, ఆ పట్టుచీరతోనే తడినేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది. స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని తనే గుచ్చి చూసింది. తర్వాత, "ఓ దేవా, నా బండిని నేనే ఊరేసిన గదనయ్యా, చేపను ఉప్పుల ఊరేసినట్టు," అన్నది. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేను వినడం అదే మొదటిసారి.

బయటికి వచ్చి, వీపంతా బురదతో, బండెక్కడానికి అందరితో వచ్చిన బుచ్చయ్య ముందు నిలబడింది. "అన్నా, మాట తప్పుతున్న. బండి రాదు."

పెళ్ళికూతురి మేనమామ గయ్యిమన్నాడు. "ముహూర్తం ముంగట పెట్టుకొని గిట్లంటవేంది? ఆ పిరికోడి మాటిని మమ్ముల నడిబజార్ల నిలబెడతవా? బండి నిగనిగలాడుతాంది గద!"

నాకు తలెత్త బుద్ధి కాలేదు. ఆమె మాత్రం నావైపు తిరిగి, "కోటీ, జాకీ పెట్టు," అంది. చాసీ కింద పెట్టి తిప్పాను. కరకరమని చప్పుడైంది. జాకీ లేచింది, బండి లేవలేదు. జాకీ ఇనుములోకి దిగబడుతూ పోయింది, తుప్పు పొరలు పొరలుగా రాలింది. పెళ్ళికూతురి తల్లి చంకలోని మనవణ్ణి గట్టిగా అదుముకుంది.

పెళ్ళికూతురిని ఆటోలో పంపి, మిగతావాళ్ళం దొరికిన ట్రాక్టరు ఎక్కాం. ముహూర్తం అందింది. రాహేలమ్మ చీర మార్చుకోలేదు. పందిట్లో ఆడవాళ్ళు "వీపుకు ఆ బురదేందక్కా?" అని అడిగితే ప్రతి ఒక్కరికీ నన్ను చూపించి ఒకటే చెప్పింది: "మా డ్రైవర్ చూసిండు. ఆయన భయపడబట్టే మేమందరం ఈడ కూసోని అన్నం తింటున్నం." ఆయన! అప్పటిదాకా నన్ను ఎవరూ ఆయన అనలేదు. విస్తరి ముందు కళ్ళు తుడుచుకుంటుంటే పక్కవాడు పులుసు కారంగా ఉందా అన్నాడు. అవునన్నాను.

బండి కింద కొత్త ఇనుము పడేదాకా ఇద్దరం బస్సుల్లో సంతలకు తిరిగాం. చేపల వాసనకు కండక్టర్లు గొణిగితే ఆమె గొంతు పాత స్థాయికి లేచేది. నేను పని మానేస్తానంటే ఒప్పుకోలేదు. "బండి లేకుంటే డ్రైవర్ డ్రైవర్ గాకపోతడా?" అంది. బండి వచ్చాక ఉప్పు బస్తాల కింద టార్పాలిన్ పరిచేవాళ్ళం. కింద నల్లరంగు మాత్రం మళ్ళీ పూయనివ్వలేదు. "రోగం కనపడాలె బిడ్డా. కనపడితెనే మందేస్తం," అనేది. ఇప్పుడామె లేదు. నేను సిగ్గుపడి దాచుకున్న గుణమే నాకు అన్నం పెడుతోందంటే అది ఆమె చలవే. ఈనాడు బస్సుల మంచిచెడ్డలు చూసే ఈ ఉద్యోగంలో భయపడటమే నా పని.

మొన్న నేను బస్సు కిందికి దూరింది కొత్త డ్రైవర్ మాట మీద. తక్కినవాళ్ళు నవ్వుతుంటే తల వంచుకుని, "సార్, ఏమనుకోకుండ్రి, కింద ఏందో చప్పుడైతాంది. నాకు భయమైతాంది," అన్నాడు. ఇస్త్రీ చొక్కాతోనే పడుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా తట్టి చూశాను. పైపై తుప్పే, ఇనుము గట్టిగానే ఉంది. చప్పుడు ఒక వదులైన రేకుది. బిగించి బయటికి వచ్చేసరికి అతని మొహం చిన్నబోయి ఉంది.

"మంచిగైంది," అన్నాను. "రేపు మళ్ళ భయమైతే రేపు గూడ చెప్పు."

వీపుకు అంటిన బురద దులుపుకోకుండానే ఆఫీసులోకి వెళ్ళాను. ఎవరైనా అడిగితే చెప్పాలి కదా, మా డ్రైవర్ చూశాడని.