రేకు కత్తికి వెండి రంగు

యుద్ధం జరుగుతున్న రోజులవి. నాకు పెళ్ళయిన కొత్త. బెంగుళూరు కాటన్‌పేటలో కాపురం. మావారు నాటకంలో రాజు వేషానికని రేకుతో ఒక కత్తి చేయించి తెచ్చి, రంగు వేసే పని నాకు అప్పగించారు. నేనెన్నడూ రంగు ముట్టినదాన్ని కాదు. రేకు మీది జిడ్డు సీకాయతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, వెండి రంగు పలుచగా పూశాను. ఆరాక మళ్ళీ పూశాను. చివరికి నిజం కత్తిలా తళతళలాడింది.

నాటకం రోజు మధ్యాహ్నం దాన్ని పట్టుకుని బయలుదేరిన మావారిని, ఆయుధంతో తిరుగుతున్నాడంటూ పోలీసులు స్టేషనుకు ఈడ్చుకుపోయారు. కబురు తెలియగానే చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. మావారిని నేల మీద కూర్చోబెట్టారు. కత్తి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఉంది.

"అది రేకు సామీ! రంగు నేనే వేసినాను" అన్నాను భయంభయంగా.

"కథలు చెప్పొద్దమ్మా. నిజం కత్తే ఇది. చూస్తే తెలస్తా ఉండాది" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. చటుక్కున కత్తి అందుకుని, మోకాలికి ఆనించి వంచేశాను. అట్టముక్కలా మడతపడింది. రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది.

స్టేషనంతా ఘొల్లున నవ్వింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం, "ఇంత బాగా రంగెందుకేసినావు? తప్పు నీదే. పొండి!" అన్నాడు.

పొరపాటయిందని ఒక్కరూ అనలేదు. మావారు ఆ పూట ఒట్టి ఒర కట్టుకునే రాజ్యమేలారు. భయం ఎప్పుడో మరిచిపోయాను. పని బాగా చేయడమే తప్పన్న ఆ మాట గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది.