సరోజిని ఆంటీ ఏరిన ఇత్తడి

మా షూటింగ్ క్లబ్బులో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. అప్పారావు అంకుల్‌కి వయసు మీదపడి చేతుల్లో పట్టు తప్పిందని, అందుకే ఆయన పిస్టల్ మొరాయించిందని. అది నిజం కాదు. జరిగింది దగ్గరుండి చూసినవాణ్ని నేను. ఆయన తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు. అందుకే రాసి పెడుతున్నాను.

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడు, సింగపూర్. నేను మలేషియాలో పుట్టి, పని కోసం ఇటు వచ్చిన తెలుగువాణ్ని. క్లబ్బు రీలోడింగ్ గదిలో ఉద్యోగం. రీలోడింగ్ అంటే ఒకసారి కాల్చిన ఇత్తడి తొడుగులను, మేము బ్రాస్ అంటాం, మళ్లీ తూటాలుగా తయారుచేయడం. దీనికి మా క్లబ్బుకు విడిగా లైసెన్సు ఉంది. ఖాళీ బ్రాస్ కూడా గడప దాటకూడదు. సభ్యులు తమ తూటాలు తామే చేసుకుంటారు, యంత్రాలు చూసుకోవడం నా పని. పని చేత్తో నేర్పినవాళ్లు ఉన్నారు గానీ, ఎందుకలా చేయాలో నాకు చెప్పింది లైబ్రరీ పుస్తకాలే. యూ టీ అనే పేటలో నేను అద్దెకుండే గదిలో పలకరించే మనిషి లేడు. సెలవు రోజుల్లో లైబ్రరీకి పోయి లోహాల పుస్తకాలున్న అర పక్కనే కూర్చునేవాణ్ని. ఇత్తడి వేడికి ఎలా ఉబ్బుతుందో, నొక్కాక మళ్లీ కాస్త వెనక్కి ఎందుకు వస్తుందో అక్కడే చదివాను. ఆ చదువంటే నాకు గర్వమే.

అప్పారావు అంకుల్ విశాఖ నుంచి వచ్చి షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. శనివారాలు పాసిర్ రిస్ నుంచి భార్య సరోజిని ఆంటీతో రైల్లో వచ్చేవాడు. ఆంటీ ఏనాడూ పిస్టల్ ముట్టుకోలేదు. ఆయన కాల్చడం ముగించగానే కిందపడిన బ్రాస్ ఏరి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య దొర్లించి చూసి, బిస్కెట్ డబ్బాలో వేసేది. మిగతా అందరి బ్రాస్ ఒకే బకెట్టులోకి పోతుంది, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. ఆవిడ మాత్రం ఆయన్ని ఆ బకెట్టు జోలికి పోనిచ్చేది కాదు. "ఊరందరి ఎంగిలి మనకెందుకు?" అనేది. మేమంతా నవ్వేవాళ్లం. "మీ ఆంటీ తూటాలక్కూడా మడి కట్టించేసిందయ్యా" అని అంకుల్ ఏడిపించేవాడు.

ఆంటీ పోయాక కొన్ని నెలలు ఆయన రాలేదు. వచ్చిన రోజే పిస్టల్ ఇరుక్కుంది. తూటా సగం లోపలికి వెళ్లి ఆగిపోయింది. పైన ముందుకూ వెనక్కీ జరిగే స్లైడ్ మూసుకోలేదు. ఆయన దాన్ని అరచేత్తో కొట్టబోతే పిస్టల్ గొట్టం పక్కకు తిరిగింది. సేఫ్టీ చూసే లిమ్ పరుగెత్తుకొచ్చి ఆపాడు. తర్వాతి వారమూ అదే. చేతి పట్టు సడలితే పిస్టల్ మొరాయించడం మామూలే కాబట్టి లిమ్ అనుమానం అటే పోయింది.

"అంకుల్, సారీ లా. హ్యాండ్స్ షేకింగ్. నెక్స్ట్ వీక్ టెస్ట్. ఎగైన్ జామ్, కెన్‌నాట్ షూట్ ఆల్రెడీ."

వచ్చే వారం పరీక్షలోనూ ఇరుక్కుంటే ఇక కాల్చనివ్వరన్నమాట. అంకుల్ నా గదిలోకి వచ్చి కూలబడ్డాడు. "ఏటయ్యా, నా పనైపోయినట్టేనా?"

"అలా అనకండి అంకుల్."

"శనివారం కూడా లేకపోతే, నాను నోరు తెరిచేది హాకర్ సెంటర్ తిండికొట్లో కాఫీ అడగడానికేనయ్యా."

ఆయన దగ్గర మిగిలిన తూటాలు తీసుకుని గేజ్‌లో వేశాను. గేజ్ అంటే తూటా కొలతకు తొలిచిన ఉక్కు దిమ్మ. మంచి తూటా అందులోకి దానంతటదే జారి సమంగా కూర్చుంటుంది. వీటిలో కొన్ని పూర్తిగా దిగలేదు, అడుగు భాగం పైకి నిలబడింది. అంటే ఇవి ఎవరి చేతిలో ఉన్నా ఇరుక్కునేవే. కాల్చినప్పుడు ఉబ్బిన బ్రాస్‌ను రీసైజింగ్ డై అనే ఉక్కు అచ్చు నొక్కి పాత కొలతకు తెస్తుంది. కానీ అది అట్టడుగు దాకా అందదు. తూటా కూర్చునే గది వదులుగా ఉన్న పిస్టల్‌లో కాల్చిన బ్రాస్‌కు సరిగ్గా అక్కడే పొట్ట వస్తుంది. ఇత్తడి అక్కడ బలహీనపడుతుంది కూడా, అలాంటిదాన్ని పారేయడమే మేలు.

"ఈ బ్రాస్ ఎక్కడిది అంకుల్?"

"బకెట్టులోది. వంగి ఏరుకునే ఓపికెక్కడిదీ?"

"మరి ఆంటీ డబ్బా?"

"లాకర్లో ఉంది. మూత తియ్యలేదు."

"అవన్నీ మీ పిస్టల్‌లో కాల్చినవే అంకుల్. అవి వాడండి. తప్పు మీ చేతులది కాదు."

"కాల్చేస్తే, ఆవిడ ఏరినవన్నీ మళ్లీ నేలమీద పడతాయి కదా. ఈసారి ఎవులు ఏరతారు?"

నేను గేజ్‌లో దిగని తూటాలను వేరుచేసి పక్కన పెట్టాను.

పరీక్ష రోజు ఆయనే డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టాడు. మూత నన్ను తియ్యమన్నాడు. అందులోని బ్రాస్‌తో ఆయన చేసిన తూటాలన్నీ గేజ్‌లో నున్నగా జారాయి. లేన్‌లో ఆయన చేతులు నిజంగానే కొంచెం వణికాయి. పిస్టల్ మాత్రం ఎక్కడా ఆగలేదు. లిమ్ నా గేజ్ తీసుకుని బకెట్టు బ్రాస్‌తో చేసిన తూటాలు కూడా స్వయంగా వేసి చూశాడు. "బ్రాస్ ప్రాబ్లమ్. అంకుల్ కెన్ షూట్," అన్నాడు.

అంకుల్ మెల్లగా మోకాళ్లమీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన ఒకటి తీసి ఆంటీలాగే వేళ్ల మధ్య దొర్లించి, ఆగిపోయాడు.

"దొర్లించి ఏటి చూసేదో. ఒక్కనాడూ అడగలేదయ్యా."

మనిషి చేతిని అనుమానించే ముందు ఆ చేతికి అందినదాన్ని కొలవాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు మా గదిలో ఎవరి బ్రాస్ వారి డబ్బాలోనే ఉంటుంది.

అన్న మాట వెనక్కి తీసుకోవడానికి వెనకాడని లిమ్‌కు, అడిగిన పుస్తకం ఏ శాఖలో ఉన్నా తెప్పించిపెట్టిన లైబ్రరీ ఉద్యోగిని నోరాకు, ఇది రాయడానికి ఒప్పుకున్న అప్పారావు అంకుల్‌కు నా కృతజ్ఞతలు. సరోజిని ఆంటీకి కూడా. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆయన పిస్టల్ ఒక్కసారీ ఇరుక్కోలేదు. అది ఆవిడ చేసిన పని అని మాలో ఎవరికీ తెలియలేదు.