గేటు బయట తల్లులు

పామర్రు నుంచి విజయవాడ వెళ్లే బస్సు. కిటికీ పక్కన నేను, నా పక్కన నలభై దాటిన ఒకావిడ, ఆమె ఒళ్లో టిఫిన్ క్యారియర్, ఒక జత కబడ్డీ బూట్లు.

"మా అమ్మాయివండీ, హాస్టల్లో ఉంటుంది," అంది. ఉయ్యూరు దాటాక, కోర్టుకు వెళ్తున్నానని చెప్పింది. జట్టు ఫిజియో చికిత్స పేరుతో ఆ అమ్మాయిని లైంగికంగా వేధించాడు. అతను జైల్లో ఉన్నాడు. ఈ కేసు అతణ్ని పెట్టుకున్న క్రీడా సంఘం మీద.

"అతను మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మనిషి అంటున్నారండీ."

"మా సైట్లో కాంట్రాక్టు మనిషి తప్పు చేసినా మమ్మల్నే అడుగుతారండీ," అన్నాను. నేను సివిల్ ఇంజినీరుని.

"మరే! శిక్షణ క్యాంపులో తల్లులు గేటు బయటే ఉండాలని రూలు పెట్టిందెవరు? అతనా? నన్ను బయట నిలబెట్టి పిల్లని లోపలికి పంపింది వీళ్లేగా!"

అమ్మాయి ఇంకా ఆడుతోందా అని అడిగాను.

"మానాల్సింది మా పిల్లా అండీ?"

ఆమె బూట్ల లేసులు సరిచేస్తూ అంది: "ఇంకెవరూ అడగట్లేదు, మీ ఒక్కరికే ఎందుకమ్మా అన్నారు సంఘం వాళ్లు. ఆ గేటు దగ్గర నాతో నిలబడ్డ తల్లులందరికీ ఫోన్ చేసి, కోర్టుకు కలిసి వెళ్దాం, బస్టాండుకు రండి అన్నాను. ఎవరొస్తారో చూడాలి."

బస్టాండులో దిగాం. బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్లు కొందరు ఆమెను చూసి లేచి నిలబడ్డారు. ఆమెతో కలిపి ఏడుగురు.