ఎనిమిది రాళ్లు

2011 జనవరి రెండో వారం, ఉదయం 9:15. అఫ్గానిస్తాన్‌లో, హెల్మండ్‌లోని మా పోస్టు ముందు ట్రక్కు దిగాను. చుట్టూ మట్టిగోడ. ఎదురుగా కాలువ, దాని మీద సన్నని వంతెన. గేటుకు ఇరవై అడుగుల దూరంలో ఎవరో పీరు సమాధి, కర్రకు కట్టిన ఆకుపచ్చ గుడ్డ. నేల మంచుకు బిగుసుకుపోయి ఉంది. ఒంటి మీద కవచం, రైఫిలు, ఆరు లీటర్ల నీళ్లు, మందుపాతరలు వెతికే డిటెక్టరు.

అఫ్గానులతో అఫ్గానులు పోరాడుతున్న దేశం అది. అక్కడికి మమ్మల్ని ఎవరూ బలవంతంగా పంపలేదు. మాది బ్రిటిష్ సైన్యంలో, వారాంతాల్లో కవాతు చేసే స్వచ్ఛంద రెజిమెంటు. సార్జెంటు లీసెస్టర్‌లో బస్సు డ్రైవరు. రేడియో ఆపరేటరు లండన్ పక్కనున్న హేస్ ఊరి మనిషి, ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తేవాడు. నేను బేసింగ్‌స్టోక్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. పుట్టింది వరంగల్‌లో. మా నాన్న ఊరూరా తిరిగి బాబాల గుట్టు బయటపెట్టిన మనిషి. రుజువు లేనిదాన్ని నమ్మకూడదన్న మాట మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డించేవారు.

మా దుబాసీ కాబూల్‌లో కెమిస్ట్రీ చదివాడు. పెషావర్ శరణార్థి శిబిరంలో పెరగడం వల్ల ఉర్దూ వచ్చు. నాకూ వరంగల్ ఉర్దూ వచ్చు.

“నీ ఉర్దూ వింటే మా గాడిదలు నవ్వుతాయి, భాయ్,” అనేవాడు.

“నవ్వనీ. వాటికైనా అర్థమవుతోంది.”

ఎవరినీ నమ్మవద్దని మొదటి రోజే ఆర్డరు. పొలంలో పారతో కనిపించినవాణ్ణి అనుమానించాం. పార లేకుండా కనిపించినవాణ్ణి ఇంకా ఎక్కువ అనుమానించాం. రోజూ 6:40కి గస్తీకి బయలుదేరేవాళ్లం. గేటు దాటాక దుబాసీ ఒక్క నిమిషం సమాధి దగ్గర ఆగేవాడు, తర్వాత పరుగెత్తుకొచ్చి మమ్మల్ని కలిసేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం గమనించాను. సమాధి గట్టు మీద అతను వరసగా రాళ్లు పెడుతున్నాడు. ఆ రోజు మేం ఆరుగురం సైనికులం. రాళ్లు ఆరు. మర్నాడు ఏడుగురం, ఏడు రాళ్లు. ఆ మర్నాడు ఎనిమిది మందిమి, ఎనిమిది రాళ్లు. కాలువ అవతలి నుంచి చూసేవాడికి మా లెక్క తెలిసిపోతుంది!

అదే రోజు 6:52కి వంతెన మీద మాపై కాల్పులు. రేడియో ఆపరేటరు మోచేతి కిందుగా తూటా దూసుకుపోయింది. “హిట్ అయ్యాను, చెయ్యే, రేడియో బాగానే ఉంది,” అన్నాడు సెట్‌లో. రేడియో గురించే ఎక్కువ బెంగ పడ్డాడు.

7:30కి పోస్టుకు చేరాం. గేటు దగ్గర దుబాసీ సమాధి వైపు తిరగబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి లోపలికి తీసుకెళ్లాను. సార్జెంటు ఎదుటే అడిగాను.

“ఆ రాళ్లేంటి?”

“మా అమ్మ అలవాటు, భాయ్. బయటికి వెళ్లేవాళ్లకు తలకొక రాయి. తిరిగొచ్చాక తీసెయ్యాలి.”

“కెమిస్ట్రీ చదివినవాడివి. రాయి కాపాడుతుందని నమ్ముతావా?”

“నమ్మను.” ఇబ్బందిగా నవ్వాడు. “కానీ తూటాకు కెమిస్ట్రీ తెలీదు కదా.”

అబద్ధమని తేల్చేశాను. చదువుకున్నవాడు రాయికి మొక్కడు. కనుక అది మొక్కు కాదు, సంకేతం. లెక్క సరిపోయిందనుకున్నాను.

“చూడు మేట్, వాడి భాష నీకే వచ్చు,” అన్నాడు సార్జెంటు. “ఇది ప్రూఫా, గెస్సా?”

“ప్రూఫ్,” అన్నాను.

కాగితం రాసి సంతకం పెట్టాను. 11:20కి దుబాసీని పనిలోంచి తీసేసి ట్రక్కు ఎక్కించారు. “భాయ్, ఆ రాళ్లు తీసెయ్,” అన్నాడు నాతో. సాక్ష్యాన్ని కదపకూడదని వాటిని అలాగే ఉంచమన్నాను.

పద్దెనిమిది రోజుల తర్వాత, అదే వంతెన మీద, 6:52కి మళ్లీ కాల్పులు. దుబాసీ లేడు. కొత్త రాళ్లు లేవు. మమ్మల్ని పట్టించింది మా రోటా, గస్తీ టైంటేబులు. రోజూ అదే వేళకు, అదే దారిన వెళ్లే మూర్ఖుల కోసం ఎవరూ రాళ్లు లెక్కపెట్టనక్కర్లేదు.

సార్జెంటుతో చెప్పాను. “నీ కాగితం పైకి వెళ్లిపోయింది, మేట్,” అన్నాడు. రెండో కాగితం రాశాను. జవాబు రాలేదు.

జులైలో తిరిగొచ్చాను. హేస్‌లో మా ఆంటీ వాళ్ల ఫ్లాట్‌లో భోజనం. “దేవుడే కాపాడిండు బిడ్డా,” అంది ఆంటీ. పాత రోజుల్లోనైతే పప్పు చల్లారేదాకా వాదించేవాణ్ణి. ఆ రోజు పప్పు వేడిగా ఉండగానే తినేశాను. మూఢనమ్మకంతో అతను గట్టు మీద రాళ్లు పెట్టాడు. రుజువన్న పేరుతో నేను ఒక మనిషిని తూటాల మధ్యకు తోశాను. మాకు పని చేసినవాణ్ణి ఆ ఊళ్లలో ఎలా చూస్తారో నాకు తెలుసు.

తర్వాత కొన్నేళ్లకు దుబాసీలను బ్రిటన్‌కు రానిస్తామన్నారు. అతని కోసం మళ్లీ రాశాను. ఈసారి ఒక్క వాక్యం వచ్చింది: భద్రతా కారణాలపై తొలగించిన వ్యక్తి, అర్హుడు కాడు. ఆ కారణాల కింద సంతకం నాది. అతను ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు.

అక్కడ మా డ్యూటీ టూర్ ముగిసేదాకా రోజూ ఆ సమాధి పక్కనుంచే నడిచాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా గట్టు మీద రాళ్లు ఎనిమిదే. అతను వాటిని పెట్టిన ఉదయం గేటు దాటింది అతనితో కలిపి తొమ్మిది మందిమి.