మా ఫ్యామిలీ హీరో

స్టాన్‌మోర్ కేర్ హోమ్‌లో నేను చూసుకున్న తొంభై రెండేళ్ల ఇంగ్లీషు పెద్దావిడకి ఒక మేనల్లుడు ఉండేవాడు. నేనున్న రెండేళ్లలో ఒక్క క్రిస్మస్‌కీ రాలేదు. యుద్ధంలో మాయమైన ఆవిడ అన్నవిగా అనుమానిస్తున్న ఎముకలు హాలెండ్‌లో ఒక పొలంలో దొరికాయని, పోల్చుకోవడానికి ఆవిడ లాలాజలం కావాలని సైన్యం ఆఫీసువాళ్లు రాయగానే మాత్రం ఊడిపడ్డాడు.

శాంపిల్ తీస్తుంటే, గొంతైనా తగ్గించకుండా "పాపం, అత్తకి ఇవేం అర్థం కావు" అన్నాడు నాతో. ఆవిడ నోరు తెరుచుకునే అతని వైపు చూసింది.

డీఎన్‌ఏ కలిసింది. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ ఎముకలకి పేరొచ్చింది. అప్పట్నుంచీ మేనల్లుడు గుండె మీద చెయ్యేసుకుని పేపరువాళ్లకీ, రిసెప్షన్ అమ్మాయికీ, చివరికి నాకూ "మా ఫ్యామిలీ హీరో" అని చెప్పడమే. ఆ పోయినాయన పేరు మాత్రం ఒక్కసారీ పలకలేదు.

"అంత్యక్రియలకి నన్నూ తీసుకెళ్తావా?" అని ఆవిడ అడిగింది.

"వీల్‌చైర్‌తో కష్టం అత్తా. ఫొటోలు తెస్తాగా."

తెచ్చాడు, ఒకే ఒక్కటి. అందులో పెదనాన్న మెడల్స్ తన కోటుకి తగిలించుకుని, సమాధిరాయికి అడ్డంగా నిలబడి నవ్వుతున్నాడు. ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ఫొటో తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"కాస్త పక్కకి జరగాల్సింది నాయనా. మా అన్న కనపడటం లేదు."