నాయినకు వినబడని బండి చప్పుడు

వికారాబాద్‌లో మా బడి వెనక సందులో ఒక మెకానిక్ దుకాణం ఉంది. పొద్దున్నే అక్కడ ఎవరో ఒకరు బండి స్టార్ట్ చేసి రేజ్ చేస్తుంటారు, కాలిన ఇంజన్ ఆయిల్ వాసన గోడ దాటి మా స్టాఫ్ రూములోకి వస్తుంది. తోటి టీచర్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ మూయబోతారు, నేను మూయనివ్వను. ఈమెకేదో తిక్క అనుకుంటారు, అనుకోనీ. ఆ వాసన తగిలితే పెద్దేముల్‌లో మా వాకిలి, చలికాలపు ఎండ, వంగి కిక్కు కొడుతున్న మా నాయిన కళ్ల ముందుకు వస్తారు.

మాకు కొంచెం కంది చేను ఉండేది. దాని మీద ఇల్లు గడవక నాయిన తాండూరులో బండల ఫ్యాక్టరీకి పోయి పాలిషు మిషన్ మీద పని చేసేవాడు. పొద్దూకే వేళకు, కంది పూతతో పసుపుపచ్చగా ఉన్న చేల నడుమ నుంచి తన పాత చిన్న బండి మీద వస్తుంటే, మీసాలకు, కనురెప్పలకు, చొక్కాకు రాతి బురద ఎండి తెల్లగా పట్టి ఉండేది. హ్యాండిల్‌కు వేలాడే సంచిలో ఒకరోజు వేడి మిర్చీలు, ఒకరోజు సీతాఫలాలు. అమ్మ పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతుంటే నేను ఉరికిపోయి ముందు సంచి అందుకునేదాన్ని, తర్వాతే నాయిన.

ఆదివారం మా ఆట వేరు. ఊళ్లో పిల్లలు గోలీలు, గిల్లీదండ ఆడుతుంటే నేను నాయినతో బండి పక్కన గొంతుక్కూర్చునేదాన్ని. "గిదేం చప్పుడు బిడ్డా, చెప్పు" అనేవాడు. ఇంజన్ పైభాగంలో టిక్కుటిక్కుమని పొడిగా కొట్టుకుంటే టాపెట్, పక్కన గరగరమంటే లోపలి చైను. క్లచ్ పట్టగానే ఆగిపోతే క్లచ్‌లోనే చూడాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మోగి, ఇంజన్ వేడెక్కాక తగ్గితే అంత ఫికర్ లేదు, వేడెక్కినకొద్దీ పెరిగితేనే పరేషాన్. నేను ఒక్కో చప్పుడు నోటితో చేసి చూపిస్తే నాయిన పడీపడీ నవ్వేవాడు, ఆడపిల్లకు ఇదేం చదువని అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది.

నాయినకు చెవులు పోయాయని మాకు చెప్పింది ఆ బండే. ఒక సాయంత్రం సైలెన్సర్ నట్టు ఊడి, బండి వీధి వీధంతా దద్దరిల్లేటట్టు ఫటఫటమంటూ వచ్చింది. కుక్కలు వెంటపడ్డాయి, పక్కింటి వాళ్లు బయటికొచ్చారు, నాయిన మాత్రం ఏమీ ఎరగనట్టు వచ్చి స్టాండు వేశాడు. చేతికి పిండితోనే అమ్మ వాకిట్లోకి వచ్చింది.

"ఏందయ్యా, బండి గంతగనం మొత్తుకుంటుంటె ఇనవడ్తలేదా?"

నాయిన ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, వంగి బండిని చూశాడు. చప్పుడు ఎక్కడుందో ఆయనకు తెలియలేదు. అన్నాళ్లూ పిలిస్తే పలకకపోతే అలసిపోయాడనుకున్నాం, పరధ్యానం అనుకున్నాం. చిన్న చప్పుడును కూడా వదలని మనిషి అంత మోతను వినలేదంటే ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. పొద్దంతా మిషన్ల మోతలో, చెవుల్లో ఉత్త గుడ్డ పేలికలే అడ్డం కుక్కుకుని పని చేసిన ఫలితం అది. పోయిన వినికిడి తిరిగి రాదని తాండూరు డాక్టరు చెప్పిన రోజు అమ్మ బస్సులోనే ఏడ్చింది. నాయిన కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత నేను తాండూరులో హైస్కూల్లో చేరి నాయిన వెనకే బండి మీద పోయేదాన్ని. చప్పుడు ఎలా వస్తే అలా ఆయన వీపు మీద వేలితో కొట్టి చెప్పేదాన్ని. "క్లచ్ పట్టిన, ఇప్పుడెట్లుంది?" అని రోడ్డంతా వినబడేలా అరిచేవాడు. తగ్గితే మెల్లగా కొట్టేదాన్ని, ఆగితే ఆపేదాన్ని. ఇంటికొచ్చాక పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, కట్టె పిడిని పళ్ల మధ్య కరిచిపట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అట్లా చేస్తే ఇంజన్ చప్పుడు అదురులాగా పళ్లలోంచి తలలోకి వస్తుందట. చప్పుడు దొరికినప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూస్తే నాకు సంతోషమూ అయ్యేది, బండి మీద కుళ్లూ పుట్టేది. దాని మాట వింటున్నాడు, నాది వినడు.

బతుకమ్మ పండుగకు వీధిలో పాట ఎత్తుకునేది నేనే. నేనంటే ఆడవాళ్లంతా అందుకునేవారు. తంగేడు, గునుగు పూల వాసన, మలీద ముద్దల తీపి, చప్పట్ల మోత నడుమ తలెత్తి చూస్తే దూరంగా నాయిన. నా నోటి వైపే చూస్తూ, చప్పట్లను బట్టి తల ఊపుతూ నిలబడేవాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చి పాట తప్పిపోయేది.

ఒక ఏడు దసరా పొద్దున, బండి కడిగి బంతిపూల దండ వేయబోయే ముందు, నాయిన స్క్రూడ్రైవర్ కరిచి ఇంజన్ వింటున్నాడు. నాకేం బుద్ధి పుట్టిందో, స్టార్టింగులో ఉన్న బండిని ఆపేసి, ఆ ఇనుప మొన లాగి నా గొంతుకు పెట్టుకున్నాను. నాయిన చటుక్కున గుంజుకున్నాడు.

"కుచ్చుకుంటది బిడ్డా!"

లుంగీ అంచుతో దాన్ని తుడిచి తిప్పి పట్టుకున్నాడు. కట్టె పిడి నా గొంతుకు ఆనించి, ఆయిల్ మరకల ఇనుప కొస తన పళ్ల మధ్య పెట్టుకున్నాడు. నేను ముందటి రాత్రి బతుకమ్మ దగ్గర పాడిన పాటే పాడాను. పూర్తిగా పాడలేకపోయాను, ఏడుపు అడ్డం పడింది. నాయిన చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచి, ఎన్నడూ లేనంత మెల్లగా అన్నాడు.

"గొంతు గింత పెద్దగైందా బిడ్డా? నేనింకా చిన్నపిల్ల గొంతే అనుకుంటున్న."

మళ్లీ ఆ పని చేయలేదు మేము. ఆయన అడగలేదు, నాకు ధైర్యం రాలేదు. ఏళ్లు గడిచినకొద్దీ నాయిన తన మాట ఎంత గట్టిగా వస్తుందో తెలియక నలుగురిలో బెదిరి, మాటలే తగ్గించుకున్నాడు. చివరికి సైగలతోనే వెళ్లదీసి, ఒక కంది కోతల కాలంలో వెళ్లిపోయాడు. బండి పాత ఇనుము కింద పోయింది. ఇప్పుడు ఆ దారిలో షేర్ ఆటోలే.

టాపెట్ ఎలా కొట్టుకుంటుందో, లోపలి చైను ఎలా గరగరలాడుతుందో ఇప్పుడు అడిగినా నోటితో చేసి చూపిస్తాను. నాయిన నన్ను బిడ్డా అని పిలిచిన గొంతు మాత్రం చెరిగిపోతోంది. మాట గుర్తుంది, ఆ గొంతు వినబడటం లేదు.